ఊయలకు అడ్డొచ్చిన స్తంభం

తామ్రశృంగ పర్వతాల నడుమ, మబ్బులు దారి తప్పి వచ్చి తలలు కొట్టుకునేంత ఎత్తున, పాషాణగర్భమనే మహాదుర్గం ఉంది. దాని బురుజుల మీద పచ్చలు తాపిన కలశాలు, గవాక్షాలకు నెమలి పింఛాల ఆకారంలో తొలిచిన రాతి జాలీలు, ప్రాకారం చుట్టూ ఎర్రతామరలు విరబూసిన అగడ్త, ఆ అగడ్తలో తామరలను నమిలి రుచి నచ్చక ఉమ్మేసే మొసళ్ళు! అంతటి వైభవం గల కోట చుట్టుపక్కల ఏ రాజ్యంలోనూ లేదు. కాకపోతే దానికి వయసు మీరింది. వయసు మీరిన వాళ్ళకు ఉండేదే దానికీ ఉంది, నోరు.

కోట మాట్లాడటమేమిటని బుగ్గలు నొక్కుకోకండి. మకరందపురి రాజ్యంలో పాత కట్టడాలన్నీ మాట్లాడతాయి. ఆ పరిస్థితి తెచ్చింది రాజులే. తండ్రి కట్టిన మేడ కొడుక్కి నచ్చదు. కొడుకు తెరిపించిన కిటికీ మనవడు మూయిస్తాడు. కొత్తగా పట్టాభిషేకం అయినవాడల్లా చేతులు ఊరుకోక ఏదో ఒక గోడ కొట్టిస్తాడు. చివరికి కోటలకు విసుగెత్తింది. ఒకానొక పొద్దున రాజ్యంలోని కోటలు, మేడలు, సత్రాలు అన్నీ ప్రాకారాలు చీర కుచ్చిళ్ళలా పైకెత్తి పట్టుకుని, పునాదుల మీద ఈడ్చుకుంటూ వెళ్ళి ఒక మైదానంలో సభ చేశాయి. ఇకమీదట అడగకుండా తమ ఒంటి మీద చెయ్యి వేసినవాణ్ణి మింగేయాలని తీర్మానించుకుని, ఎక్కడివక్కడికి తిరిగొచ్చి కూర్చున్నాయి. ఆ తీర్మానం సంగతి తెలియక మర్నాడు గునపం పట్టుకున్న మేస్త్రీలు ఏమయ్యారో వేరే చెప్పాలా? పాపం, ఒక మంత్రిగారు కూడా పోయారు. ఆయన చేసిన పాపమల్లా గోడకు అద్దం తగిలించుకోవడానికి మేకు కొట్టడమే.

అప్పుడు పుట్టింది జీర్ణకట్టడాల సలహా కొలువు. పాత కట్టడంలో గడప మార్చాలన్నా, గది కలపాలన్నా ఆ కొలువు నుంచి సలహాదారును పిలిపించాలి. సలహాదారు వచ్చి, తట్టి, తడిమి, సున్నం నాలుక మీద వేసుకుని రుచి చూసి, ఇది మార్చవచ్చు, ఇది మార్చకూడదని చెబుతారు. కట్టడం వింటుంది. సలహా సబబుగా ఉంటే ఒప్పుకుంటుంది. కొలువు నేర్పే సూత్రాలు కూడా పెద్ద బ్రహ్మవిద్యలేం కావు. మొదట కట్టినదాన్ని బాధపెట్టకు. కొత్తగా ఏది పెట్టినా పాతదానికి నొప్పి లేకుండా తీసేయడానికి వీలుగా పెట్టు. తెలియనిదాన్ని ఊహించి కట్టకు. ఇవి గాక ఒక ఆచారం. సలహా చెప్పేవారు ఆడైనా మగైనా, పడుచువారైనా పండుముసలైనా, తెల్లటి పెట్టుడు గడ్డం కట్టుకోవాలి. గడ్డం లేని సలహా ఎవరూ వినడం లేదని అనుభవం మీద తేలింది మరి.

ఇప్పుడు ఆ గడ్డమే కట్టుకుని, మోకాళ్ళ దాకా దిగిన దాని కొసను భుజం మీదికి విసురుకుంటూ కొండ ఎక్కుతున్న మనిషి నాగమంజరి. సలహా కొలువులో ఆమెది పెద్ద పేరు. గోడకు చెవి ఆనించి దాని వయసు చెప్పగలదు. అయితే ఈసారి ఆమె వచ్చింది గోడ కోసం కాదు, మొగుడి కోసం. ఆమె భర్త గజకేసరి రాజుగారి సేనలో కత్తివీరుడు. పాషాణగర్భాన్ని ఆక్రమించుకుని కూర్చున్న మాంత్రికుడు కపోతదంష్ట్రుణ్ణి మట్టుపెట్టి వస్తానని వర్షాకాలం మొదట్లో వెళ్ళాడు. వర్షాలు వెళ్ళిపోయాయి గాని ఆయన రాలేదు. అంతలో మాంత్రికుడి కాకి ఒకటి కొలువు గుమ్మం మీద వాలి, కోటలో చిన్న మార్పు చేయించాలి, సలహాదారును పంపండని కూసింది. పంపకపోతే ఊరు తగలబెడతానని కూడా కూసింది. ఆ మాట చెవిన పడగానే పెద్ద సలహాదారుకు చలిజ్వరం వచ్చింది, రెండో ఆయనకు గొంతు పోయింది, మూడో ఆయనకు ఉన్నట్టుండి తీర్థయాత్ర గుర్తుకొచ్చింది. నాగమంజరి మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. లోపలికి అడుగు పెట్టడానికి ఇంతకంటే మంచి దారి దొరుకుతుందా? నాలుగు సలహాలు చెప్పి, సందు చూసుకుని నేలమాళిగలో దూరి, మొగుణ్ణి విడిపించుకుని వచ్చేయడమే.

అగడ్త మీద వంతెన దాటగానే, గాలిని కోస్తూ గిర్రున తిరిగే ఖడ్గచక్రం ఒకటి ఆమె మీదికి దూసుకొచ్చింది. నాగమంజరి చటుక్కున నేలకు కరుచుకుంది. చక్రం గడ్డం కొసను బెత్తెడు తెగ్గొట్టుకుని పోయి, మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆమె తలెత్తి చూసింది కదా, చక్రం కోటగోడకు బిగించి లేదు! రెండు వెదురుగడల మధ్య కొబ్బరితాడుతో కట్టి ఉంది. గోడకు మేకు కొడితే కోట ఊరుకోదు కాబట్టి పాపం ఆ మాంత్రికుడు తన మాయలన్నిటినీ గడలకూ తాళ్ళకూ కట్టుకున్నాడు. నిప్పులు కక్కే సింహముఖం ఒక ముక్కాలిపీట మీద ఉంది. విషబాణాల యంత్రం ఎద్దుబండి మీద ఉంది.

"మేకు కొట్టలేదు. మంచిదే," అని మనసులో మెచ్చుకుంటూ ఆమె పాక్కుంటూ వెళ్ళి ముడి విప్పింది. చక్రం ఝుమ్మని లేచి అగడ్తలో పడింది. సింహముఖం ఉన్న పీటను కాలితో తన్నింది. అది వెల్లకిలా పడి ఆకాశంలోకి నిప్పులు కక్కుకుంటూ ఉండిపోయింది. బాణాల బండిని వెనక్కి తిప్పి పల్లానికి తోసేసింది. ఇంత చేసి గడ్డం సర్దుకుని గుమ్మం ముందు నిలబడేసరికి, గుమ్మం పక్క గోడ దగ్గింది.

గోడ కాదు, గోడలో నడుము దాకా కూరుకుపోయిన ఒక రాక్షసుడు. పేరు లంబోష్ఠుడు. అతని కొమ్ముల మీద ఎవరివో గొడుగులు, తలపాగాలు తగిలించి ఉన్నాయి.

"సలహా కొలువు నుంచేనా స్వామీ?" అన్నాడు మర్యాదగా. "దయచేయండి. లేచి నిలబడలేదని ఏమీ అనుకోవద్దు. దీపం పెట్టుకోవడానికి ఇక్కడో చిన్న గూడు తొలిచాను. అడగాలని తెలీదు స్వామీ, మాది పక్క రాజ్యం. సగం మింగాక దీనికి వెలపరం వచ్చిందట. అటు మింగదు, ఇటు కక్కదు."

"నొప్పిగా ఉందా?" అంది నాగమంజరి.

"నొప్పేం లేదు గాని, వర్షాకాలంలో లోపలి సగం చెమ్మగా ఉంటుంది," అన్నాడు లంబోష్ఠుడు.

"మింగింది నేనైతే వాణ్ణి అడుగుతున్నావు, నాకు నొప్పిగా ఉందా అని ఒక్కరైనా అడిగారా?" అని గోడల్లోంచి, గడపల్లోంచి, దూలాల్లోంచి ఒక్కసారే ముసలి గొంతు ఉరిమింది. పాషాణగర్భం మాట్లాడుతోంది! "ఏమయ్యా గడ్డం, వచ్చావా? పద లోపలికి. ఆ వెధవ పొద్దుటినుంచీ నా బుర్ర తింటున్నాడు."

లోపల మహామండపం. ఆహా, ఏం మండపం! నేలంతా నీలాల బండలు, కప్పు నిండా తొలిచిన పద్మాలు, గోడల మీద వేటాడే రాణులు. అంత అందమైన మండపంలో స్తంభాలు మాత్రం ఒక పద్ధతీ పాడూ లేకుండా, సంతలో జనం నిలబడ్డట్టు ఎక్కడ పడితే అక్కడ నిలబడి ఉన్నాయి. ఒకటి గుమ్మానికి అడ్డంగా ఉంది, ఒకటి మూలకు నక్కింది, రెండు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నాగమంజరికి ఒళ్ళు మండిపోయింది. ఏ తలమాసిన శిల్పి నిలబెట్టాడివి!

మండపం మధ్యలో బంగారు గొలుసులున్న గంధపుచెక్క ఊయల మీద కపోతదంష్ట్రుడు కూర్చుని ఉన్నాడు. ఏడడుగుల మనిషి, మోకాళ్ళ దాకా జడ, నోట్లోంచి బయటికొచ్చిన రెండు కోరలకూ పావురాల బొమ్మలు చెక్కించుకున్నాడు. మాట్లాడినప్పుడల్లా ఆ పావురాలు ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఆయన కాళ్ళు బారజాపి ఊగబోయాడు. ఊయల ముందుకు వెళ్ళింది, ఎదురుగా ఉన్న స్తంభానికి ఆయన ముడుకు ఠంగుమని తగిలింది.

"చచ్చాను!" అని ముడుకు పట్టుకుని, "ఆచార్యా! చూశారుగా నా కష్టం!" అన్నాడు. "త్రిలోకాలూ గడగడలాడే మాంత్రికుణ్ణి, నాకొక ఊయల ఊగే యోగం లేదు. పాత రాజులు బిగించిన కొండీలు ఇక్కడే ఉన్నాయి. ఇంకోచోట కొండీ కొట్టనివ్వదు ఈ ముసల్ది."

"కొట్టు, నీ నడ్డిలో కొట్టుకో," అంది కోట.

"కాబట్టి ఆ స్తంభం తీయించాలి," అన్నాడు మాంత్రికుడు పళ్ళు నూరుతూ. ఆయన వెనక గునపాలు, సమ్మెటలు పట్టుకున్న రాక్షసుల మూక సిద్ధంగా ఉంది. "తీయించవచ్చా, తీయించకూడదా? ఒక్క మాట చెప్పండి."

ఎక్కడో నేలమాళిగలో మొగుడున్నాడు, ముందు ఈ పని ముగించాలనుకుంది నాగమంజరి. కానీ చేతికి పని తగిలాక పైపైన చూసి వదిలేయడం ఆమె వల్ల అయ్యే పని కాదు. స్తంభం చుట్టూ తిరిగింది. వేలితో కొట్టి చెవి ఆనించింది. గోరుతో గీకి రుచి చూసింది. పైకి చూసింది. కప్పుకూ స్తంభానికీ మధ్య మూరెడు ఎడం ఉంది. కిందికి వంగి చూసింది. అడుగుభాగం నేలబండకు అతుక్కుని ఉంది.

"ఈ స్తంభం కోటతో పుట్టింది కాదు," అని గడ్డం నిమిరింది. "రాయి పచ్చిది. దీనికీ కప్పుకూ పొత్తు లేదు. పూచికపుల్లంత బరువు కూడా మోయడం లేదు. చెక్కడం లేదు, అందం లేదు, ఇక్కడ ఉండాల్సిన అవసరమే లేదు. మిగతావి కూడా తర్వాత వచ్చినవే గాని, పాతబడి కోటలో కలిసిపోయాయి. ఇది మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన పనికిమాలిన స్తంభం. నిక్షేపంగా పగలగొట్టి తీసేయవచ్చు."

"విన్నాను. సబబుగానే ఉంది," అంది కోట. "పాదాల దగ్గర బండను వదులు చేస్తున్నాను. కానీండి."

నేల కిర్రుమంది. కపోతదంష్ట్రుడు చప్పట్లు చరిచాడు. "భలే ఆచార్యా! పనికిమాలిన స్తంభం అన్నారు చూశారూ, అక్షరలక్షలు! వాడు మనిషిగా ఉన్నప్పుడూ అంతే. కత్తి తిప్పుకుంటూ వచ్చి, నరుకుతానని ఇక్కడ నిలబడి గంటసేపు ఉపన్యాసం! నాకు కోపం వస్తే ఎక్కడున్నవాణ్ణి అక్కడే స్తంభం చేసేస్తాను. ఊయల సంగతి అప్పుడు తోచలేదు."

"ఎవరు... ఎవరు వాడు?" అంది నాగమంజరి.

"ఏదో పేరు చెప్పాడు. గజకేసరో, గజ్జెలకేసరో. రాయి చేసి నిలబెట్టడానికి సలహా అక్కర్లేదు, కప్పుకు తగలనంత వరకు సామాను కిందే లెక్క. కానీ వీడు బరువైన మనిషి, పాదాలు నేలకు అతుక్కున్నాయి, తీయాలంటే సలహా కావాల్సొచ్చింది. ఊ, కొట్టండ్రా!"

నాగమంజరి గిరుక్కున స్తంభం వైపు తిరిగింది. సొంత మొగుణ్ణి రుచి చూసి కూడా పోల్చుకోలేదే! పైగా అందం లేదని, అవసరం లేదని తన నోటితో తానే చెప్పింది. అయ్యో, నా నోరు పడిపోనూ అనుకుంది. "ఆగండి! సలహా వెనక్కి తీసుకుంటున్నాను!" అని అరిచింది.

"అలా కుదరదు," అంది కోట. "చెప్పిన మాట చెప్పినట్టే. ఆ రాయి గురించి నువ్వు చెప్పిన దాంట్లో ఏది అబద్ధమో చూపించు, అప్పుడు వింటాను."

ఏది అబద్ధం? ఏదీ అబద్ధం కాదు, అదే కదా ఏడుపు! మొదటి సమ్మెట గాల్లోకి లేచింది. నాగమంజరి గడ్డం పీకి, దాని కొసను ముడి వేసి పైకి విసిరింది. అది స్తంభం తల మీద చిక్కుకుంది. ఆ గడ్డాన్నే తాడులా పట్టుకుని చకచకా ఎగబాకింది. ఒక రాక్షసుడు కాలు పట్టుకున్నాడు. ముక్కు మీద తన్నింది. ఇంకొకడు గునపం విసిరాడు. అది ఆమెను తప్పి, ఊయల గొలుసుకు తగిలి, తిరిగొచ్చి వాడి కొమ్ములకే తగులుకుంది. కళ్ళు మూసి తెరిచేలోగా ఆమె పైకెక్కి, ఆ మూరెడు ఎడంలో నాలుగు కాళ్ళ మీద కుక్కుకుని, వీపు కప్పుకు ఆనించింది.

"కోటమ్మా, చూడు!" అంది రొప్పుతూ. "బరువు మోయడం లేదన్నాను. ఇప్పుడు మోస్తోంది!"

"ఆడదానివా!" అని నోరు తెరిచాడు మాంత్రికుడు.

"మోస్తున్నది నిన్ను, నన్ను కాదు," అంది కోట పెడసరంగా.

"కప్పు దించి చూడు."

కోటకు సరదా పుట్టినట్టుంది. కప్పు ఒక్క పిసరు కిందికి దిగింది. నాగమంజరి ఎముకలు పటపటలాడాయి. ఆమె పళ్ళు బిగపట్టింది. కింద స్తంభం కదల్లేదు, మెదల్లేదు, గజకేసరి కదా మరి. అప్పుడు కోటంతా పొడుగ్గా నిట్టూర్చింది. బురుజుల మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి.

"అమ్మయ్యా! ఎన్నేళ్ళకు నడుం వాల్చానే తల్లీ! ఈ వైపు దూలం నన్ను చంపుతోందనుకో. ఒరేయ్ కోరలోడా, ఈ స్తంభం నాది. దీని జోలికొస్తే నమిలేస్తాను."

రాక్షసులు సమ్మెటలు వెనక దాచుకున్నారు. కపోతదంష్ట్రుడు ముందు నివ్వెరపోయాడు, ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుందమ్మా, బహు బాగుంది! నీ మొగుడా వాడు? కోటలో కలిసిపోయాడుగా! ఇక వాణ్ణి మనిషిని చేయడం కూడా మార్పే. ఉండు అలాగే, వాడి నెత్తిన!"

ఆ మాట నిజమే. నాగమంజరి పైన కప్పు, కింద మొగుడు, మధ్యలో ఇరుక్కుని ఆలోచించింది. వీపు విరిగిపోతోంది గాని, బుర్ర పనిచేస్తూనే ఉంది.

"కోటమ్మా, నా సలహా ఇది," అంది. "పాడైన భాగాన్ని మొదట ఎలా ఉండేదో అలా బాగు చేసుకోవడం మార్పు కాదు, మరమ్మతు. ఈ స్తంభం మొదట మనిషి. ఇప్పుడిది నీ ఒంట్లో భాగం. నీ ఒళ్ళు నువ్వు బాగు చేసుకోవచ్చు."

"మరి నా నడుము?"

"ఆ గంధపు ఊయలచెక్క నిలబెట్టుకో. గట్టి చెక్క. కావాలంటే తర్వాత తీసేయవచ్చు."

"నా ఊయల!" అని మాంత్రికుడు కెవ్వుమన్నాడు. మంత్రం చదవబోయాడు గాని, కప్పులోంచి ఒక రాతి పద్మం ఊడి ఆయన నెత్తి మీద పడింది. ఊయలచెక్క గొలుసులు తెంపుకుని తనంత తాను వెళ్ళి దూలం కింద నిటారుగా నిలబడింది.

"సరే," అంది కోట. "మొదట ఎలా ఉండేవాడో చెప్పు. తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదను. ఊహించి చెప్పావో, ఇద్దరినీ కూల్చేస్తాను. తెలియనిచోట రాయి రాయిగానే ఉంటుంది."

నాగమంజరి కళ్ళు మూసుకుంది. ఆయన తల మీద కూర్చుని ఆయన్ను గుర్తు చేసుకోవాలి! "పొడగరి. మా వంటింటి గుమ్మానికి నుదురు తగులుతుంది, పెళ్ళైనప్పటినుంచీ తగులుతూనే ఉంది, వంగడం నేర్చుకోడు. చామనఛాయ. ముక్కు కొద్దిగా కుడికి ఒరిగింది. పై వరసలో ఒక పన్ను విరిగింది, చెరుకు కొరికి. ఎడమ పిక్క మీద కుక్క కరిచిన మచ్చ."

కింద రాయి వెచ్చబడింది. బూడిదరంగు కరిగి ఎక్కడో చర్మం మెరిసింది.

"ఎడమ చెవి?"

"కత్తి అటువైపు వేలాడుతుందని నేనెప్పుడూ కుడివైపే నడిచాను. తెలియదు."

"చెవి రాయే. గుణం?"

"కూరలో ఉప్పు తగ్గితే అలుగుతాడు, పెరుగన్నంతో దిగొస్తాడు. దెబ్బకు భయపడడు, బల్లికి భయపడతాడు. గట్టిగా చెబితే ఎవరు చెప్పినా నమ్మేస్తాడు."

"ఇక్కడికి ఎందుకొచ్చాడు?"

"ఆ మాంత్రికుణ్ణి చంపడానికి."

"అది అందరికీ తెలిసినదే. అంతమంది వీరులుండగా ఈయనే ఎందుకు బయలుదేరాడు? మనిషన్నాక లోపల ఒక కారణం ఉంటుంది. అది లేకుండా నిలబెడితే ఒట్టి బొమ్మ."

నాగమంజరి జ్ఞాపకాల్లో వెతుక్కుంది. ఆ రోజు పొద్దున ఆయన గడప దగ్గర నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. ఆమె చేతిలో ఏదో సత్రం నుంచి తెచ్చిన పాతసున్నం పెళ్ళ ఉంది. అందులో బెల్లం కలిపారా, కరక్కాయ కలిపారా అని ఆమె రుచి చూస్తోంది. ఊ, ఊ అంది. ఆయన వెళ్ళిపోయాడు. పేరు కోసం వెళ్ళాడని ఇన్నాళ్ళూ తానే అనుకుంది. అది ఊహ. ఊహే కదా?

"తెలియదు," అంది. కళ్ళ వెంట నీళ్ళు జారి స్తంభం మీద పడ్డాయి. "వెళ్ళేటప్పుడు చెప్పాడు. నేను వినలేదు. ఊళ్ళో ప్రతి గోడ మాటా విన్నాను గాని నా మొగుడి మాట వినలేదు, సిగ్గుగా ఉంది."

"నిజం చెప్పావు, అది చాలు," అంది కోట, ఈసారి మెత్తగా. "గుండె పక్కన పిడికెడు చోటు రాయిగా ఉండిపోతుంది. ఇక నాకు నిద్ర వస్తోంది. నడుం వాలిస్తే నిద్రేగా." మరుక్షణమే గోడలు గురక పెట్టాయి.

స్తంభం కరిగింది. నాగమంజరి దబ్బున కింద పడింది. పడింది నేల మీద కాదు, మొగుడి భుజం మీద. గజకేసరి! అదే ముక్కు, అదే విరిగిన పన్ను, ఎడమ చెవి మాత్రం నల్లరాయి. చేతిలో కత్తి తళతళలాడుతోంది.

"మంజరీ!" అన్నాడు, ముఖమంతా నవ్వుతో. "నువ్వెప్పుడొచ్చావు? చిక్కిపోయావేం? అన్నం తిన్నావా?"

ఆమె చటుక్కున భుజం దిగింది. ఆయన రెండు చేతులూ పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. ఎంత సంతోషమో! ఇక పరుగెత్తుదాం పదండి అనబోయింది. అంతలో గజకేసరి చుట్టూ కలయజూసి, నుదురు చిట్లించి, "అవునూ, నేనిక్కడికి ఎందుకొచ్చాను?" అన్నాడు.

ఆమె కంటే ముందు కపోతదంష్ట్రుడు అందుకున్నాడు. బొప్పి కట్టిన తల నిమురుకుంటూ లేచి, గొంతు పెంచి, "ఎందుకేమిటోయ్! నా కొలువులో చేరడానికి వచ్చావు! నువ్వు నా సేనాపతివి!" అన్నాడు.

"అలాగా," అన్నాడు గజకేసరి. చేతులు జోడించాడు. "చిత్తం ప్రభూ."

"అబద్ధం! మీరు వీణ్ణి చంపడానికి వచ్చారండీ!" అని అరిచింది నాగమంజరి.

"అవునా? ఎందుకు?" అన్నాడు గజకేసరి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

ఆ ఎందుకో ఆమె ఆనాడు విననే లేదు. మాంత్రికుడి దగ్గర మాత్రం ఎన్ని అబద్ధాలైనా ఉన్నాయి.

"సేనాపతీ, ఈవిడ నా ఊయల పాడుచేసింది. నరుకు!"

గజకేసరి కత్తి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. "ఏమీ అనుకోకు మంజరీ. ఆయన గట్టిగా చెబుతున్నాడు," అని నొచ్చుకుంటూనే కత్తి ఎత్తాడు. రాక్షసులు గునపాలతో గుమ్మం మూసేశారు. గోడలు గురక పెడుతూనే ఉన్నాయి.

పారిపోవడానికి ఎడమవైపు కిటికీ ఉంది. నాగమంజరి అటు వెళ్ళలేదు. ఒక అడుగు ముందుకే వేసింది.

"ఏవండీ, వచ్చేటప్పుడు గడప దగ్గర నిలబడి నాతో ఏం చెప్పారు?"

కత్తి గాల్లో ఆగింది. గజకేసరి ఎడమ చెయ్యి రొమ్ము మీదికి వెళ్ళింది.

"ఏం చెప్పానో గుర్తులేదు," అన్నాడు నెమ్మదిగా. "చెబుతుంటే ఎవరూ వినలేదని మాత్రం గుర్తుంది."

"ఇప్పుడు వింటాను. నరికేముందు చెప్పండి."

"నరకమన్నానా!" అని కపోతదంష్ట్రుడు కోరలు దద్దరిల్లేలా గర్జించాడు. గజకేసరి భుజం కండలు బిగిశాయి. అదే క్షణంలో, లోపల ఎక్కడో రాయి పగిలిన చప్పుడులాంటిది అయి, ఆయన పెదవులు కదిలాయి. కత్తి కిందికి దిగుతోంది. నాగమంజరి కత్తి వైపు చూడలేదు. ఆయన పెదవులనే చూస్తూ, ఊపిరి కూడా తీయకుండా వింటూ నిలబడింది.